ఓడ ఎక్కే ముందు కోవిడ్ పరీక్ష: ఒక ఆయుర్వేద వైద్యుని అభిప్రాయం

సముద్రయానం అనే మాట ఒకప్పుడు మన ఇళ్ళలో భయాన్ని, ప్రాయశ్చిత్తాన్ని గుర్తుకు తెచ్చేది. నేడు అదే మాట సెలవుల సంతోషాన్ని గుర్తుకు తెస్తోంది. అమెరికాలో స్థిరపడిన కుమారుడో, కుమార్తెయో తల్లిదండ్రులను వేసవికి పిలిపించుకొని, క్రూయిజ్ అని పిలిచే విహారనౌకలో వారం రోజులు తిప్పి చూపించటం మధ్యతరగతి కుటుంబాలలో సైతం సాధారణమయింది. సియాటెల్ రేవు నుండి అలాస్కాకు, మయామీ నుండి కరీబియన్ దీవులకు, టెక్సాస్ లోని గాల్వెస్టన్ నుండి మెక్సికో తీరానికి సాగే నౌకలలో మన చీరకట్టు కనబడటం ఇప్పుడు వింత కాదు.

2021, 2022 సంవత్సరాలలో ఇట్టి యాత్రికులకు ఒక కొత్త నియమం ఎదురయింది. విమానం ఎక్కే ముందు ఒకసారి, ఓడ ఎక్కే ముందు మరొకసారి కోవిడ్ పరీక్ష చేయించుకొని, రోగం లేదన్న పత్రం చూపవలసి వచ్చింది. ఆ నియమం నేడు తొలగిపోయింది. అయినను నా వద్దకు వచ్చే గృహస్థులు రెండు ప్రశ్నలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. మొదటిది, ఆనాటి పరీక్షలు నిజంగా అవసరమా, లేక యాత్రికులను వేధించటానికి పెట్టినవా? రెండవది, ఇప్పుడు ఎవరూ అడగనప్పుడు మనంతట మనం పరీక్ష చేసుకోవలసిన పని ఏమిటి?

గురువుగారి ఇంట ఉండి శాస్త్రం వల్లించి, నాడిని పట్టటం నేర్చుకున్నవాడిని కనుక, నేను ఇట్టి పరీక్షలను తేలికగా తీసివేస్తానని కొందరు ఆశిస్తారు. నా అభిప్రాయం అందుకు భిన్నమైనది. ఆ నియమం మూలంలో న్యాయమైనది. అమలులో కొన్ని లోపాలు ఉన్నాయి, వాటిని కూడా చెబుతాను. నియమం ఎత్తివేసినంత మాత్రాన దాని వెనుకనున్న ధర్మం ఎత్తివేయబడలేదు. అడిగేవారు లేని ఈ రోజులలో ఆ బాధ్యత యాత్రికుని మీదనే, విశేషించి యాత్రను ఏర్పాటు చేసే పిల్లల మీదనే ఉన్నది.

ఓడలో వ్యాధి ఎట్లా వ్యాపించింది

పాఠకులు ముందుగా 2020వ సంవత్సరం ఆరంభంలో జరిగిన ఒక సంఘటనను జ్ఞాపకం చేసుకోవాలి. డైమండ్ ప్రిన్సెస్ అనే విహారనౌక ఆ యేడు జనవరి 20న జపాను దేశపు యొకొహామా రేవు నుండి బయలుదేరింది. అందులో ప్రయాణించిన ఒక వృద్ధుడు జనవరి 25న హాంకాంగులో దిగిపోయాడు. ఫిబ్రవరి 1న ఆయనకు కోవిడ్ ఉన్నట్లు తేలింది. అప్పటికి ఓడ ఇంకా సముద్రం మీదనే ఉన్నది. ఫిబ్రవరి 3న అది యొకొహామాకు తిరిగి చేరగా, అందులోని 3,711 మందిని ఒడ్డుకు దిగనీయకుండా నిలిపివేశారు. చివరకు వారిలో 712 మందికి, అనగా దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి, వ్యాధి సోకినట్లు నిర్ధారణ అయింది. పన్నెండుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఆ ఓడలో మన భారతీయులు 138 మంది ఉన్నారు. వారిలో విహారానికి వెళ్ళినవారు ఆరుగురు మాత్రమే. మిగిలిన 132 మందీ ఓడలో ఉద్యోగం చేసేవారు. యాత్రికులను గదులలో ఉంచి తలుపులు మూసినప్పుడు, ఆ గదులకు భోజనం చేర్చే పని సిబ్బంది చేస్తూనే ఉన్నారు. వారు ఇరుకు గదులను పంచుకొని పడుకునేవారు, ఒకే చోట భోజనం చేసేవారు. 2020 ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి తీసుకువచ్చింది. వారిని మానేసర్ లోని సైనిక శిబిరంలో పరిశీలనలో ఉంచారు. వ్యాధి సోకిన మనవారు జపానులోనే చికిత్స పొందవలసి వచ్చింది.

ఇంకొక ఉదాహరణ ఆస్ట్రేలియాది. రూబీ ప్రిన్సెస్ అనే నౌక 2020 మార్చి 19న సిడ్నీ రేవుకు చేరింది. అందులో జ్వరం, దగ్గు ఉన్నవారు ఉన్నారు. వారి నుండి తీసిన నమూనాల ఫలితం తెలియకముందే సుమారు 2,700 మంది యాత్రికులను ఒడ్డుకు దిగనిచ్చారు. మరునాడు ఫలితం వచ్చింది. ఈలోగా వారు రైళ్ళలో, విమానాలలో నలుదిక్కులకు వెళ్ళిపోయారు. ఆ ఓడతో ముడిపడిన మరణాలు 28. దాని మీద నియమించిన విచారణ సంఘం 2020 ఆగస్టులో నివేదిక ఇస్తూ, ఆరోగ్యాధికారులు తీవ్రమైన పొరపాట్లు చేశారని తేల్చింది. ఒక్కరోజు ఆగి ఫలితం చూసి ఉంటే ఎంత అనర్థం తప్పేదో పాఠకులే ఊహించవచ్చు.

ఓడలోనే ఇంత తీవ్రత ఎందుకు? కారణం మన శాస్త్రం ఏనాడో చెప్పినదే. సుశ్రుతాచార్యులు నిదానస్థానంలో కుష్ఠరోగ ప్రకరణం చివర, కొన్ని రోగాలు ఒకరి నుండి మరొకరికి సంక్రమించే మార్గాలను వరుసగా పేర్కొన్నారు. శరీర స్పర్శ, నిశ్వాసము, కలిసి భుజించటం, ఒకే శయ్య, ఒకే ఆసనం, ఒకరి వస్త్రాలు, మాలలు, లేపనాలు మరొకరు వాడటం అనేవి ఆ మార్గాలు. అట్లా సంక్రమించే వాటిలో జ్వరాన్ని కూడా చేర్చారు. విహారనౌకను ఈ జాబితాతో పోల్చి చూడండి. వేలమందికి ఒకే భోజనశాల, ఒకే నాటకశాల, ఒకే ఈతకొలను, చేతులతో పట్టుకొని ఎక్కే ఒకే మెట్లు. సుశ్రుతులు చెప్పిన మార్గాలలో చాలామట్టుకు అక్కడ రాత్రింబవళ్ళు తెరిచి ఉంటాయి. ఊరిలో వ్యాధి వస్తే ఇంకొక ఊరికి పోవచ్చును. నడిసముద్రంలో ఎక్కడికి పోగలరు?

నియమాలు వచ్చిన తీరు, పోయిన తీరు

రేవులో ఓడను ఆపి పరీక్షించటం కొత్త ఆచారమేమీ కాదు. నేడు క్రొయేషియాలో ఉన్న డుబ్రోవ్నిక్ నగరం, నాటి పేరు రగూసా, 1377లోనే ప్లేగు ఉన్న ప్రాంతాల నుండి వచ్చేవారిని నగరం వెలుపల ముప్పది దినాలు నిలిపివేసింది. తరువాతి కాలంలో ఆ గడువు నలుబది దినాలయింది. క్వారంటైన్ అన్న మాట పుట్టినది నలభైకి ఉన్న ఇటాలియన్ పదం నుండే. మన దేశం కూడా పచ్చజ్వరం, అనగా యెల్లో ఫీవర్, ఉన్న దేశాల నుండి వచ్చేవారిని టీకా పత్రం అడుగుతుంది. అది లేకపోతే ఆరు రోజుల వరకు వేరుగా ఉంచుతుంది. ఆఫ్రికా వెళ్ళి వచ్చిన మన వ్యాపారులు దీనిని ఎన్నడూ అవమానంగా భావించలేదు.

అమెరికా ప్రభుత్వం 2020 మార్చి 14న విహారనౌకల ప్రయాణాలను నిలిపివేసింది. షరతులతో కూడిన అనుమతికి ఆ యేడు అక్టోబరు చివర ఉత్తర్వు వెలువడింది. అక్కడి రేవుల నుండి యాత్రికులతో ఓడలు తిరిగి బయలుదేరినది 2021 జూన్ నెలలో. ఆ తరువాతి కాలంలో టీకా పత్రము, ఓడ ఎక్కటానికి రెండు మూడు దినాల లోపల చేయించుకున్న పరీక్షా ఫలితము యాత్రికులు చూపవలసి వచ్చింది.

విదేశాల నుండి వెళ్ళేవారికి ఇది రెట్టింపు శ్రమ. విమానంలో అమెరికా వచ్చే ప్రతివారూ బయలుదేరే ముందు మూడు దినాల లోపు పరీక్ష చేయించుకోవాలన్న నియమం 2021 జనవరి 26న అమలులోకి వచ్చింది. ఆ యేడు డిసెంబరు 6 నుండి ఆ గడువు ఒక్క దినానికి కుదించబడింది. అనగా హైదరాబాదు నుండి వెళ్ళే దంపతులు విమానం కోసం ఇక్కడొక పరీక్ష, ఓడ కోసం అక్కడొక పరీక్ష చేయించుకోవాలి. మధ్యలో ఏది తేడా వచ్చినా యాత్ర ఆగిపోతుంది.

టీకా విషయంలో మన తెలుగువారికి మరొక చిక్కు ఉండేది. హైదరాబాదు సమీపంలోని జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ వేసుకున్నవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ గుర్తింపు 2021 నవంబరు 3న లభించింది. విమానంలో వచ్చే విదేశీయులకు అమెరికా టీకా నియమం అమలైనది సరిగ్గా అయిదు దినాలకు, నవంబరు 8న. ఆ కొద్దిరోజుల ముందు వరకు ఎన్ని కుటుంబాలు ఆందోళనపడ్డాయో నేను ఎరుగుదును.

విమాన ప్రయాణానికి ముందరి పరీక్ష 2022 జూన్ 12న రద్దయింది. ఓడల కోసం ప్రత్యేకించిన కోవిడ్ కార్యక్రమాన్ని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022 జులై 18న ముగించింది. తరువాతి కొద్ది నెలలలో ఓడ సంస్థలు తమ పరీక్షా నియమాలను క్రమంగా సడలించాయి. విమాన యాత్రికుల టీకా నియమం 2023 మే నెలలో పోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే నెల 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించింది. వ్యాధి మాత్రం ముగియలేదు. అది నేటికీ మన మధ్య తిరుగుతూనే ఉన్నది.

లోపాలను కూడా చెప్పుకోవాలి

నియమం న్యాయమైనదని చెప్పినంతలో అది దోషరహితమని నా భావం కాదు. ఒకే ఒక పరీక్ష ఆ క్షణపు స్థితిని మాత్రమే తెలుపుతుంది. సోమవారం పరీక్ష చేయించుకొని, మంగళవారం విమానాశ్రయంలో వ్యాధి తగిలించుకొని, బుధవారం ఓడ ఎక్కినవాని చేతిలోని పత్రం సత్యమే పలుకుతుంది, ఓడకు మాత్రం ఉపకరించదు. వ్యాధి శరీరంలో ప్రవేశించిన మొదటి ఒకటి రెండు దినాలలో ఇంటి వద్ద చేసుకునే యాంటిజెన్ పరీక్షకు అది అందకపోవచ్చు.

దీనికి విరుద్ధమైన ఇబ్బంది ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో ఉన్నది. అది మిక్కిలి సూక్ష్మమైనది. రోగి కోలుకొని, ఇతరులకు అంటించే దశ దాటిన తరువాత కూడా వారాల తరబడి వ్యాధి ఉన్నట్లే చూపగలదు. అందువలననే అమెరికా వారు తొంబది దినాల లోపల కోవిడ్ వచ్చి తగ్గినవారికి, వైద్యుని ధ్రువపత్రం ఉంటే, పరీక్ష నుండి వెసులుబాటు ఇచ్చారు. ఈ వెసులుబాటు సంగతి తెలియక ప్రయాణాలు మానుకున్న మన పెద్దలు కొందరున్నారు.

2021 చివర ఒమిక్రాన్ వచ్చినప్పుడు టీకాలు, పరీక్షలు ఉన్న ఓడలలో సైతం వ్యాధి వ్యాపించింది. టీకా వేసుకున్నవారు కూడా ఓడ ప్రయాణం మానుకోవటం మంచిదని ఆ డిసెంబరు 30న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే హెచ్చరించింది. మన దేశంలో 2022 నూతన సంవత్సర వేళ ముంబాయి నుండి గోవాకు వచ్చిన విహారనౌకను మార్ముగోవా రేవులో నిలిపి, సుమారు 2,000 మందిని పరీక్షించగా 66 మందికి వ్యాధి కనబడింది.

ఇవి చూపి పరీక్షలు వ్యర్థమని వాదించేవారున్నారు. ఆ వాదం నాకు సమ్మతం కాదు. జల్లెడలో కొన్ని రాళ్ళు జారిపోతాయని తెలిసి కూడా మన గృహిణులు బియ్యం జల్లించటం మానరు కదా! మిగిలిన రాళ్ళను చేటలో చూసి ఏరుకుంటారు. పరీక్ష జల్లెడ వంటిది. టీకా, గాలి వెలుతురు, ముఖానికి మాస్కు, లక్షణాలు కనబడగానే విడిగా ఉండటం అనేవి చేటలో ఏరుకొనే పని వంటివి. రెండూ కావాలి.

ఆయుర్వేదం పరీక్షను కాదంటుందా?

ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. "మనది సనాతన వైద్యం, మనకు ముక్కులో పుల్ల పెట్టే పరీక్షలెందుకు? కషాయం త్రాగితే చాలు" అని పలికేవారు మన వృత్తిలోనే కొందరున్నారు. ఈ మాట శాస్త్రం చదివినవారు పలుకవలసినది కాదు.

చరకసంహిత విమానస్థానంలో రోగజ్ఞానానికి మూడు ఉపాయాలు చెప్పబడ్డాయి. ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం అనేవి అవి. వైద్యుడు తన ఇంద్రియాలతో రోగిని పరీక్షించాలి. అయితే రుచి విషయంలో మాత్రం నాలుకను వాడరాదన్నారు. రోగి శరీరం మీద ఈగలు ముసరటాన్ని చూసి ఆ శరీరంలో మాధుర్యం పెరిగినదని ఊహించమన్నారు. అనగా వైద్యుని ఇంద్రియాలకు అందని చోట వేరొక సాధనం ద్వారా తెలుసుకోవచ్చునని ఆచార్యులే అనుమతి ఇచ్చారు. కంటికి కనబడని సూక్ష్మజీవిని తెలుసుకొనే పరీక్షాపట్టీ ఈ కోవలోనిదే. ఈగను సాధనంగా అంగీకరించిన శాస్త్రం పరీక్షాపట్టీని నిరాకరిస్తుందా?

నాడీజ్ఞానం మీద నాకు గల గౌరవం ఎవరికీ తీసిపోదు. అయినను డైమండ్ ప్రిన్సెస్ ఓడలో వ్యాధి తేలినవారిలో సుమారు సగంమందికి పరీక్ష నాటికి ఏ లక్షణమూ లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం హితవుగానే ఉన్నది. అట్టి వానిని నాడిని పట్టి వేరుచేయగలనని నేను చెప్పను. చెప్పే వైద్యుని మాట నమ్మి మీ తల్లిదండ్రులను ఓడ ఎక్కించవద్దని చెబుతాను.

2022 వేసవిలో మా ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు ధర్మపత్నితో కలిసి నా వద్దకు వచ్చారు. హ్యూస్టన్ లోని కుమార్తె వారికి గాల్వెస్టన్ నుండి బయలుదేరే ఓడకు టికెట్లు కొన్నది. మూడవనాడు విమానం. ఆయనకు గొంతులో మంట, ఒళ్ళు కాస్త వెచ్చన. "అయ్యగారూ, పరీక్షలో పట్టుబడకుండా ఏదైనా కషాయం ఇప్పించండి. అమ్మాయి సెలవు పెట్టుకొని, లక్షలు పోసింది. మా వల్ల పాడయితే ఎట్లా?" అని చేతులు పట్టుకున్నారు. ఆయన దుర్బుద్ధితో అడగలేదు. కన్నతండ్రి గనుక అడిగారు.

ఆ ఓడలో ఇంకెవరు వస్తున్నారని విచారించాను. వియ్యపురాలు కూడా వస్తున్నదనీ, ఆమెకు అంతకు ముందు సంవత్సరమే గుండెకు శస్త్రచికిత్స జరిగినదనీ ఆయన భార్య చెప్పారు. "మాస్టరుగారూ, జ్వరాన్ని దాచే మందు నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను. ఇప్పుడే వెళ్ళి పరీక్ష చేయించుకోండి" అన్నాను. ఆయనకు వ్యాధి ఉన్నట్లు తేలింది. మూడవనాటికి భార్యకు కూడా జ్వరం వచ్చింది. వారు ఇంట విశ్రాంతి తీసుకొని, పూర్తిగా స్వస్థత పొందిన తరువాత శరదృతువులో వెళ్ళివచ్చారు. టికెట్ల సొమ్ములో కొంత పోయింది. ఆ నష్టం చిన్నదని నేను అనను. వియ్యపురాలి గుండెతో పోల్చినప్పుడు మాత్రం దానికి ఒక లెక్క దొరుకుతుంది.

ఇంకొక మాట. జ్వరితుడు ప్రయాణించటం అతనికే హాని. జ్వరం తగ్గినను బలం తిరిగి వచ్చే వరకు వ్యాయామం, స్నానం, అధిక సంచారం వర్జించమని చరకులు చికిత్సాస్థానంలో విధించారు. పారాసిటమాల్ మాత్రతో వేడిని అణచి, రేవులో నవ్వు ముఖంతో నిలబడి, ఓడ ఎక్కటం ఈ విధికి పూర్తిగా వ్యతిరేకం. మాత్ర వేడిని తగ్గిస్తుంది. పక్కవారికి అంటించే శక్తిని తగ్గించదు. తులసి, దాల్చిన, సొంఠి, మిరియాల కషాయం కూడా అంతే. అది గొంతుకు హితం, కఫానికి హితం. వ్యాధి లేదన్న పత్రానికి బదులుగా దానిని చూపుకోరాదు.

నేడు గృహస్థులు చేయవలసినది

నేడు చాలా ఓడ సంస్థలు సాధారణ యాత్రలకు పరీక్షాఫలితం అడగటం లేదు. ఎక్కే ముందు ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు అడిగి సంతకం తీసుకుంటాయి. ఆ సంతకాన్ని సత్యంగా చేయటమే మొదటి కర్తవ్యం. నియమాలు మారవచ్చును గనుక టికెట్టు కొనే రోజున, తిరిగి బయలుదేరటానికి వారం ముందు, సంస్థ నుండే వివరాలు తెలుసుకోవాలి. ఇక నేను నా వద్దకు వచ్చేవారికి చెప్పే క్రమం ఇది.

1. విమానం దిగిన మరునాడే ఓడ ఎక్కే విధంగా ఏర్పాటు చేయవద్దు. నడుమ అయిదారు దినాలైనా పిల్లల ఇంట ఉండాలి. ప్రయాణ బడలిక తీరుతుంది, విమానంలో ఏదైనా సోకి ఉంటే ఈలోగా బయటపడుతుంది.

2. అమెరికాలో ఇంటి వద్ద చేసుకునే యాంటిజెన్ పరీక్షాపేటికలు మందుల దుకాణాలలో లభిస్తాయి. ఒక్కసారి రోగం లేదని చూపితే అది చాలదు. లక్షణాలు లేనివారు నలుబది ఎనిమిది గంటల వ్యవధితో మూడుసార్లు, లక్షణాలున్నవారు కనీసం రెండుసార్లు చేసుకోవాలని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2022లో సూచించింది. చివరి పరీక్ష ఓడ ఎక్కే రోజు ఉదయం పడేటట్లు చూసుకోవాలి. పేటికపై గడువు తేదీ చూడటం మరువరాదు.

3. తల్లిదండ్రులనే కాక ఓడ ఎక్కే కుటుంబసభ్యులందరినీ పరీక్షించాలి. బడి నుండి, ఆఫీసు నుండి వ్యాధిని ఇంటికి తెచ్చేవారు సాధారణంగా మనుమలు, అల్లుళ్ళు, కోడళ్ళే. పరీక్ష భారం పెద్దల మీదనే వేయటం సరికాదు.

4. టికెట్టు కొనే ముందే ఒక ప్రశ్న వేయాలి. అనారోగ్యం వలన ఆగిపోతే సొమ్ము ఎంత తిరిగి వస్తుంది, యాత్రను వేరొక తేదీకి మార్చుకోవచ్చునా? ఈ సమాధానం ముందుగా తెలిసినవారికి జ్వరాన్ని దాచాలన్న బుద్ధి పుట్టదు. సందర్శకుల ఆరోగ్యబీమాలో మధుమేహం, రక్తపోటు వంటి పూర్వవ్యాధులకు పరిమితులుంటాయి. ఓడలోని వైద్యశాల ఖర్చు వేరుగా చెల్లించవలసి ఉంటుంది. ఈ రెండింటిని గూర్చి కూడా విచారించాలి.

5. అరువది దాటినవారు, గుండె, మూత్రపిండాల వ్యాధులున్నవారు టీకా విషయమై తమ వైద్యుని సలహా తీసుకోవాలి. నిత్యం వాడే మందులు యాత్రాదినాలకు పది దినాల అదనంతో చేతిసంచిలో ఉంచుకోవాలి.

6. ఓడలో ఉండగా జ్వరం, దగ్గు, విరేచనాలు మొదలయితే గదిలోనే ఉండి వైద్యునికి తెలియజేయాలి. భోజనశాలకు పోరాదు. విహారనౌకలలో వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ అనే మరొక సూక్ష్మజీవి కూడా తరచు వ్యాపిస్తుంది. దీనికి చేతికి రాసుకొనే సారాయి ద్రవం చాలదు. సబ్బు, నీటితో చేతులు కడుగుకొనవలెను. భోజనానికి ముందు కాళ్ళు చేతులు కడుగుకొనే మన ఇంటి ఆచారం ఓడలో కూడా విడువరాదు.

యాత్రికులకు కొన్ని గృహచికిత్సలు

ఈ క్రింది ఉపాయాలు ప్రయాణ సుఖానికి సంబంధించినవి. కోవిడ్‌ను నివారించటానికి గాని, పరీక్షకు బదులుగా గాని చెప్పినవి కావు.

ఓడ ఊగటం వలన తల తిరిగి వమనం వచ్చేటట్లున్నప్పుడు చిన్న అల్లం ముక్కను చప్పరించవలెను. లేదా అర గ్రాము సొంఠిపొడిని గోరువెచ్చని నీటితో సేవించవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడుగకుండా దీనిని వాడరాదు. రెండు ఏలకులను నోట ఉంచుకొని నమలటం కూడా మేలు చేస్తుంది. ఓడ మధ్యభాగంలో కూర్చొని దూరాన సముద్రం ఆకాశం కలిసే గీతను చూస్తుండటం వలన తల తిరుగుడు తగ్గుతుంది.

ఓడలో రేయింబవళ్ళు భోజనం సిద్ధంగా ఉంటుంది. అదే అనర్థానికి మూలం. ఆకలి అయినప్పుడు మాత్రమే, అరకడుపు ఘనాహారం, పావుకడుపు ద్రవం, మిగిలిన పావు ఖాళీగా ఉండేటట్లు భుజించవలెను. మలబద్ధం కలిగినచో రాత్రి మూడు గ్రాముల త్రిఫలచూర్ణాన్ని వేడినీటితో తీసుకొనవచ్చును. విరేచనాలు ఉన్నప్పుడు వాడరాదు.

తుమ్ము, దగ్గు వంటి వేగాలను బలవంతాన ఆపరాదని శాస్త్రం. ఆపరాదు గాని, ముఖానికి గుడ్డ అడ్డుపెట్టుకొనవలెను. చూర్ణాలను కాగితపు పొట్లాలలో కట్టి తీసుకుపోరాదు. పేరు, తయారీదారు వివరాలు ఉన్న అసలు డబ్బాలోనే ఉంచి, విమానాశ్రయంలోని సుంకం అధికారులు అడిగితే చూపవలెను. లోహభస్మాలు కలిసిన మందులను వైద్యుని సలహా లేకుండా వెంట తీసుకుపోరాదు.

ముగింపు

చరకసంహితలో జనపదాలను ధ్వంసం చేసే వ్యాధులకు ఒక అధ్యాయమే కేటాయించబడింది. కాంపిల్య నగరంలో, గంగాతీరాన పునర్వసు ఆత్రేయులు అగ్నివేశునికి ఈ విషయం బోధించారు. ప్రకృతులు, ఆహారాలు, వయస్సులు వేరైన మనుష్యులందరూ ఒకే వ్యాధితో ఒకేసారి ఎట్లా నశిస్తారని శిష్యుడు ప్రశ్నించగా, గాలి, నీరు, నేల, కాలం అందరికీ సమానం గనుక అవి చెడినప్పుడు అందరూ చెడుతారని గురువు వివరించారు. ఆ చెడుకు మూలం అధర్మమనీ, దానికి మూలం మనుష్యుని ప్రజ్ఞాపరాధమనీ, అనగా తెలిసి తెలిసి చేసే తప్పనీ నిర్ణయించారు.

ఓడలో గాలి అందరికీ ఒక్కటే. యాత్రికుడు వారం తరువాత దిగిపోతాడు. పడక సర్దేవాడు, వంట చేసేవాడు, గిన్నెలు కడిగేవాడు నెలల తరబడి అక్కడే ఉంటారు. వారిలో మన దేశపు బిడ్డలు ఎందరో ఉన్నారు. జ్వరాన్ని దాచి ఎక్కినవాడు తన వియ్యంకులనే కాక, తనకు పళ్ళెం అందించే ఆ బిడ్డను కూడా ప్రమాదంలో పడవేస్తున్నాడు.

కనుక విదేశాలలో ఉన్న కుమారులకు, కుమార్తెలకు నా సూచన ఏమనగా, అమ్మానాన్నలకు ఓడ టికెట్టు కొనే రోజుననే పరీక్షాపేటికలు కూడా కొని ఇంట ఉంచండి. ఫలితం ప్రతికూలంగా వస్తే యాత్ర ఆపుకొంటామని అందరూ ముందే ఒక మాట అనుకోండి. తల్లిదండ్రులకు నా మనవి ఏమనగా, ఒంట్లో నలతగా ఉంటే పిల్లల డబ్బు పోతుందన్న మొహమాటంతో దాచవద్దు. అలాస్కా మంచుకొండలు వచ్చే సంవత్సరం కూడా అక్కడే ఉంటాయి.